అచ్చులో తప్పు

"వచ్చిందయ్యా మళ్లీ!" అనుకుని పాత నాణేల దుకాణదారు తల పట్టుకున్నాడు.

గాజు తలుపు తోసుకుని పెద్దావిడ లోపలికి వచ్చింది. సంచీలోంచి రుమాలు తీసి, ముడి విప్పింది. అందులో మళ్లీ అదే ఏడాది నాణెం.

"కాస్త చూసిపెట్టు బాబూ. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి."

"పోయిన వారమేగా చూశాను!"

"అది వేరు, ఇది వేరు."

చూడకుండానే చెప్పేయవచ్చు. కానీ చూడకుండా చెప్పడం ఆయనకు ఇంటా వంటా లేదు. పళ్లు నూరుకుంటూనే భూతద్దం కంటికి ఆనించాడు.

"యంత్రం తప్పమ్మా. నాణెం కొట్టేటప్పుడు అచ్చు వదులైతే పక్కకి జారుతుంది. అక్షరం అంచు నలిగి, ఇదిగో, ఇలా మెట్టులా చదునుగా దిగిపోతుంది. అదే అచ్చు చెయ్యడంలోనే బొమ్మ రెండుసార్లు పడిందనుకోండి, రెండో అక్షరం కూడా గుండ్రంగా, నిండుగా లేస్తుంది. దాన్నైతే ఎగబడి కొంటారు. దీన్ని ఊరికే ఇచ్చినా తీసుకోరు."

"అయితే యంత్రానిదే తప్పు?"

"యంత్రానిదే."

"ఖాయమేనా బాబూ?"

"శిలాశాసనం!"

ఆవిడ వెళ్లిపోయింది. వారం తిరగకుండా ఇంకో నాణెంతో ఊడిపడింది. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే ఖాయం. ఇలాంటి నాణెం పట్టుకొచ్చే ప్రతివాళ్లూ 'అచ్చు తప్పు' అనిపించుకోవాలనే వస్తారు. ఈవిడకు మాత్రం ఆశ ఎంతకీ చావడం లేదని ఆయనకు ఒళ్లు మండిపోయేది.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య ఓ రోజు ఆ తంతంతా చూసింది.

"ఒక్కసారి అవునంటే మీ సొమ్మేం పోతుంది? ఆవిడా సంతోషిస్తుంది, మీకూ పీడ విరగడవుతుంది."

"అబద్ధం చెప్పమంటావా?"

"ఇన్నిసార్లొచ్చిందే, ఎప్పుడైనా ధర అడిగిందా? అమ్ముకునే మనిషి కాదులెండి."

ఆయన వినిపించుకోలేదు. ఆ వీధిలో ఆయన మాటకున్న విలువ ఆయన అమ్మే ఏ నాణేనికీ లేదు. పక్క దుకాణాలవాళ్లకు అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే పంపేవారు. ఆయనకున్న ఆస్తల్లా ఆ మాటే.

కానీ ఓపికకూ ఓ హద్దుంటుంది.

ఆ రోజు పెద్ద బేరం. కొనడానికి వచ్చినాయన బల్ల మీద నాణేలు పరుచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ నాణేల మధ్యలోకి పెద్దావిడ రుమాలు వచ్చి పడింది.

"కాస్త చూసిపెట్టు బాబూ."

చూశాడు. అదే మెట్టు, అదే చదును.

"యంత్రం తప్పు."

"ఖాయమేనా?"

"కాదమ్మా! యంత్రం తప్పు కాదు. అచ్చులోనే తప్పు. అసలు సిసలైన అచ్చు తప్పు. మీరు తెచ్చినవన్నీ అవే. ఇప్పుడు సంతోషమేనా?"

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అంటే... అచ్చు చేసినవాడిదే తప్పంటావా?"

"కాక నాదా?"

బేరానికి వచ్చినాయన పకపకా నవ్వాడు. ఆవిడ నాణేన్ని రుమాల్లో కట్టబోయింది. ముడి పడలేదు. అలాగే గుప్పిట్లో పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ రాలేదు.

మొదట్లో హాయిగానే ఉంది. పోనుపోను ఆయనకు అన్నం సయించడం మానేసింది. ఆవిడ తన మాట నమ్మి ఆ నాణేలు ఎవరికైనా అంటగడితే తన పరువేం కాను? ఎలాగైనా నిజం చెప్పేసి రావాలి. మందుల దుకాణంలో వాకబు చేస్తే, రోజూ మందులకు వస్తుందని, పక్క సందులో చివరి మేడ అని చెప్పారు.

ఆవిడ తలుపు ఓరగా తెరిచింది.

"మెల్లగా బాబూ. ఆయనకిప్పుడే నిద్ర పట్టింది."

"అమ్మా, ఆ రోజు చిరాకులో నోటికొచ్చింది అనేశాను. మీరు తెచ్చినవన్నీ యంత్రం తప్పులే. ఒక్కో నాణెంలో అక్షరం ఒక్కో పక్కకి జారింది. తప్పు అచ్చులోనే ఉంటే అన్నింట్లోనూ ఒకేలా ఉండాలి. ఆ అచ్చుకు వంక పెట్టడానికి లేదు. ఒట్టు!"

ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"మంచివాడివి బాబూ. ఓదార్చడానికి ఇంత దూరం వచ్చావు."

"ఓదార్పు కాదమ్మా, నిజం!"

"నిజం ఆ రోజే చెప్పేశావుగా."

ఆవిడ ఒకసారి లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అవునుగానీ, ఆ అచ్చు చేసి, ఆ తప్పుకే ఉద్యోగం పోగొట్టుకున్నది మా ఆయనేనని నీకెవరు చెప్పారు?"