దేశనూరు సత్యభామ

మోక రోడ్డు పక్కనున్న ఎకరం స్థలం రేపు ఇనుపరాయి కుప్పలు పోసే డంపుకు లీజుకు పోతుంది. ఈ సాయంత్రం స్థలం యజమాని హులిగెప్ప దానపత్రం మీద సంతకం పెడితే మాత్రం అక్కడ రంగమందిరం లేస్తుంది.

నెట్టికంటప్ప కాగితాలు పట్టుకుని ఆయన వరండాలో కూర్చున్నాడు.

బేరం తెలిసిన మనిషి. రెండుసార్లు కౌన్సిలరయ్యాడు. ముసలి కళాకారుల పింఛను కోసం బెంగళూరులో ధర్నాకు కూర్చున్నాడు. ఊరూరా పౌరాణిక నాటకాలు ఆడించాడు. ఒక సినిమా తీసి పెట్టుబడి వరకు తెచ్చుకున్నాడు. ఆ వ్యాపారంలో దాన్నే లాభమంటారు. ఇక మిగిలింది రంగమందిరం. ఓట్లడిగిన ప్రతిసారీ ఇచ్చిన మాట అదే. మూడోసారి వట్టి మాటకు ఓటు పడదు.

"డంపోళ్లు నెలనెలా దుడ్డిస్తామంటాండారు. నువ్వేమిస్తావప్పా?" అన్నాడు హులిగెప్ప.

"మందిరానికి మీ పేరు పెడతామన్నా."

"పేరు నా లారీల మీద ఉండాది గదా!"

లోపలి వైపు ఒకసారి చూసి, హులిగెప్ప గొంతు తగ్గించాడు.

"ముప్పై ఏండ్ల కింద దేశనూరు నాటకంలో సత్యభామ యేసిన ఆయమ్మ యాడుండాదప్పా? మళ్లీ ఏ నాటకంలోనూ కనపడలే. నీకు తెలియని నాటకాలోళ్లు లేరు గదా."

నెట్టికంటప్ప సరుకు గురించి అబద్ధం చెప్పడు. అడగనిది చెప్పడు, అంతే.

"ఈ జిల్లాలోనే ఉండాదన్నా."

"బాగుండాదా?"

"షుగరు వచ్చిండాది."

"అయ్యో పాపం. మొగుడు?"

"లేడు."

హులిగెప్ప కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఆ పొద్దు వెండి కుంకుమ భరిణె చదివించినా. నేను గుర్తుండానా?"

"భరిణె దేవుని గూట్లో భద్రంగా ఉండాది."

"ఖరే? నిజమేనా?"

"ఖరే అన్నా."

"అయితే పిలిపించు. ఆ అలక పద్యం ఒక్కసారి ఇంటే చాలు, ఇప్పుడే సంతకం చేస్తా."

"వద్దన్నా. ఇప్పుడు చూస్తే మీరు గుర్తు కూడా పట్టరు."

"అట్లయితే ఫోన్లో పాడమను. లేదంటే డంపే!"

నెట్టికంటప్ప కాసేపు మనసులో తూకం వేసుకున్నాడు. చీటీ మీద ఒక నంబరు రాసిచ్చాడు.

"పది నిమిషాలాగి చెయ్యండి. నేను బయట ఉంటా."

పది నిమిషాలకు హులిగెప్ప ఫోన్ చేశాడు. అవతలి నుంచి పలకరింపు లేదు, నేరుగా పద్యమే వచ్చింది. గొంతు కొంచెం అరిగింది. అలక మాత్రం అరగలేదు.

"వన్స్ మోర్!" అన్నాడు హులిగెప్ప, కండువాతో కళ్లు తుడుచుకుంటూ. పద్యం మళ్లీ వచ్చింది. అది పూర్తయ్యేలోపే దానపత్రం మీద సంతకం పడింది.

వీధి చివర జీపు అద్దాలెక్కించుకుని కూర్చున్న నెట్టికంటప్ప, ముప్పై ఏళ్ల కింద దేశనూరులో రావలసిన నటి రాకపోతే తనకు చీర కట్టి స్టేజీ ఎక్కించిన హార్మోనియం మాస్టారికి మనసులో దండం పెట్టుకుని, తన రెండో ఫోన్ కట్టేశాడు.