వేలు ఎవరిది?

"మళ్లీ అదే ఎరుపు!" అంటూ వెనింగ్ ఫోను మంచం మీదికి విసిరేసింది.

తన అంగడి పేరు ఎవరు వెతికినా తెర నిండా ఎర్ర పేజీ వచ్చి కూర్చుంటోంది. 'ఇది మోసపు అంగడి కావచ్చు, వెనక్కి వెళ్లండి' అని హెచ్చరిక. అంత మాట చదివాక ఇంకా లోపలికి అడుగుపెట్టే మహానుభావులు ఎవరుంటారు? పసుపు, చింతపండు, అల్లం వేసి కాచే జామూ కషాయాన్ని సీసాల్లో పోసి, ఇంటర్నెట్లో పెట్టి, సుకోహార్జో ఊళ్లో ఓ సందులోంచి జకార్తా దాకా పంపుతోంది వెనింగ్. పండగ ముందు ఊపిరాడనంత గిరాకీ ఉండాల్సిన రోజుల్లో ఒక్క సీసా కదల్లేదు. ఇది ఇలాగే సాగితే అంగడికి తాళమే.

భర్త సెనో ఆమె ఫిర్యాదుకి సెర్చ్ ఇంజిన్ వాళ్లిచ్చిన జవాబు చదివి తల గోక్కున్నాడు.

"రోజూ తెల్లారగానే ఎవరో నీ సైటులోకి వచ్చి, ఉన్న సీసాలన్నీ వరసగా నొక్కి, ఒక్కటీ కొనకుండా పోతున్నారట. గిరాకీ బాగుందని చూపించుకోడానికి నువ్వే దొంగ నొక్కుళ్లు నొక్కుకుంటున్నావని వాళ్ల అనుమానం."

"నేనా? నాకింకేం పనిలేదా?"

"అవన్నీ మనింటి వైఫైలోంచే వెళ్తున్నాయట మరి. ఏ ఫోనో కూడా రాశారు." సెనో గొంతు తగ్గించాడు. "నేను అమ్మకిచ్చిన పాత ఫోనే."

వెనింగ్ నోరు తెరిచింది. "మనింట్లో ఎవరు ఎన్నింటికి లేచి ఏ ఫోను పట్టుకుంటారో కూడా వాళ్లకి తెలుసా?"

"నాకు తెలియనివి కూడా తెలుసు. ఎందుకు నొక్కారో మాత్రం తెలియదట. అది మనం కనుక్కుని, ఆపించి, వాళ్లకి చెప్పాలట."

ఎందుకు నొక్కారో వెనింగ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది. అత్త గియెం వీపుకి బుట్ట కట్టుకుని, సందు సందూ తిరిగి, గ్లాసుల్లో జామూ పోసి అమ్మే మనిషి. కోడలు సీసాల వ్యాపారం మొదలెట్టిన నాటి నుంచీ ఒకటే దెప్పడం. 'మనిషి మొహం చూడకుండా మందెలా పోస్తావే? ఫోటోకి దాహమేస్తుందా?' అని. వేళాకోళమే కదా అని వెనింగ్ నవ్వేసేది. ఇప్పుడు ఆ మాటలన్నీ ఒక్కొక్కటే ముల్లులా గుచ్చుకున్నాయి.

"అమ్మ అలాంటిది కాదే," అన్నాడు సెనో.

"అయితే మీ అమ్మ వేలు తనంతట తనే వెళ్లి నొక్కుతోందా?"

ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు సెనో, టీ పెడతానని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వెనింగ్ వంటింటి తలుపు వెనక నిలబడింది. గియెం సీసాలు నింపి, బుట్టలో సర్ది, గుమ్మంలో కూర్చుంది. రిక్షా తొక్కే తుగిమిన్ వచ్చాడు.

"ఒళ్లు నొప్పులవ్వా, చేదుది పొయ్యి."

"ఒళ్లు నొప్పులా, పెళ్లాం కొట్టిందా?"

"రెండూనూ," అని గ్లాసు గటగటా తాగేసి, నోటొకటి ఇచ్చి వెళ్లాడు. అతనటు వెళ్లాడో లేదో గియెం ఇటూ అటూ చూసి, నడుముకి చుట్టుకున్న గుడ్డలోంచి ఫోను తీసింది. తెర మీద వెనింగ్ సీసాలు వరసగా వెలిగాయి.

వెనింగ్ ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టండత్తయ్యా, పడతాను. నా కొట్టు మూయించడమెందుకు?" అనేసరికి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. "తల్లి లేనిదాన్ని, మీరే తల్లి అనుకున్నాను. ఈ కషాయం కాచడం నేర్పింది మీరు కాదూ?"

ముసలామె బిత్తరపోయింది.

"నేను మూయించడమేంటే?"

"రోజూ పొద్దున్నే నా సీసాలు నొక్కుతున్నది మీరే కదా?"

"నేనే. అయితే ఏం?"

"ఏమా! దానివల్లే ఆ సెర్చ్ ఇంజిన్ వాళ్లు నన్ను దొంగని చేశారు."

"నిన్నా? దొంగా?" గియెం మొహం పాలిపోయింది. ఎవరి మీదో కోపంగా కళ్లు పెద్దవి చేసింది గానీ ఆ ఎవరో ఎక్కడున్నారో తెలియక ఫోను వైపే ఉరిమి చూసింది. "ఎవడే ఆ మాటన్నది, పిలు! ముందు నా చెయ్యి వదులు, ఆలస్యమైతే ఫలం ఉండదు."

"ఏం ఫలం?"

గియెం చెయ్యి విడిపించుకుని, తుగిమిన్ ఇచ్చిన నోటుని తన బుట్టలోని సీసాలన్నిటికీ ఒక్కొక్కటిగా ఆనించింది, తొలి బేరం డబ్బుతో ఆ ఊరి బజారులో అందరూ చేసినట్టే, 'లారిస్, లారిస్, అన్నీ అమ్ముడుపోవాలి' అని గొణుగుతూ. తర్వాత వేలిని నోటుకి తాకించి, తెర మీద కోడలి సీసాని తాకింది. మళ్లీ నోటుని, మళ్లీ ఇంకో సీసాని. ఒక్కదాన్నీ వదలకుండా.

"నోటు ఆనిస్తే ఈ అద్దానికి తెలియడం లేదే, అందుకని వేలితో అంటిస్తున్నా," అంది సిగ్గుపడుతూ. "నీ కొట్టులో చేతికి డబ్బే తగలదాయె, మరి నీకు బోణీ ఎక్కణ్నుంచొస్తుంది? అందుకని నా బోణీలోనే రోజూ నీకూ ఇంత పెడుతున్నానే, పిచ్చిదానా!"