జంట దొంగల వేషం

సాయంత్రం నాలుగింటికి జగ్గయ్యపేటలోని ఒక బడిలో వార్షికోత్సవ నాటికకు వేషాలు పంచారు. సినిమాల్లోలాగా గోడ దూకబోయి పడిపోయే జంట దొంగలుగా చైతన్యను, పరిమళను మాస్టారు ఎంపిక చేశారు.

చైతన్య తండ్రి సతీష్‌బాబు అడ్డుపడ్డాడు. "మావాడికి దొంగ వేషమేంటండీ? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"నవ్వుకుంటారండీ. జనానికి నచ్చేదే ఆ జంట. పరిమళ ఏటా వేస్తోందిగా."

"అది ఎస్సీ కాలనీ పిల్ల. వేస్తుంది."

దొంగ ముసుగుకని మాస్టారు ఇచ్చిన నల్లగుడ్డను పరిమళ బల్ల మీద పెట్టేసింది. పక్కనున్న ఎస్సై టోపీ తీసి పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నేను పడితే నవ్వుతున్నారనుకున్నా సార్. ఈసారి ఎస్సైని నేనే."

"మరి దొంగలెవరమ్మా?"

"కాలనీ బయట వెతకండి సార్."

ఆరింటికి అందరూ వెళ్ళిపోయారు. దొంగల వేషాలకు ఒక్క పేరే వచ్చింది. చైతన్య తన పేరు తనే ఇచ్చాడు.