జమ్ము పీకే సాయం

ఒక చిన్న మడుగులో జమ్ముగడ్డి చాటున నీటికోళ్లు కాపురముండేవి. గద్ద వచ్చి పిల్లల్ని తన్నుకుపోతుంటే, ఒక్క పిల్ల మాత్రమే మిగిలిన మంగతాయి అనే నీటికోడి పెద్ద చెరువులోని పక్షుల మహాసభకు మొరపెట్టుకోవడానికి వెళ్లింది.

సభ ఆనవాయితీ ప్రకారం అందరూ ఒంటికాలిమీద నిలబడి శాంతి కోరారు. ఆ వరసలో గద్ద కూడా ఉంది!

"మా మడుగుకు కాపలా ఇప్పించండి బాబూ," అంది మంగతాయి.

"ఎంతో విచారిస్తున్నాం తల్లీ," అన్నాడు సభాధ్యక్షుడు కొంగయ్య. "కానీ గద్దగారు ఒప్పుకోవడం లేదు. ఒక్కరు కాదన్నా కాపలా పంపలేం. దానికి బదులు మీ మడుగును అభివృద్ధి చేస్తాం. ఆ జమ్మంతా పీకించి, నీళ్లు అద్దంలా మెరిసేట్టు చేయిస్తాం."

సభంతా రెక్కలు చరిచింది. అందరికంటే గట్టిగా గద్ద చరిచింది.

మంగతాయికి ఒళ్లు మండిపోయింది. "దేవుడిచ్చిన ఆ చాటు కూడా పీకేస్తే నా బిడ్డ ఎక్కడ దాక్కుంటుందయ్యా?"

"ముందు ఒంటికాలిమీద నిలబడి కృతజ్ఞతలు చెప్పమ్మా. అది మర్యాద."

"నాకు రెండు కాళ్లున్నాయి. ఆ మర్యాదేదో నా పిల్లల్ని మింగినవాడికి నేర్పండి!" అని మంగతాయి విసవిసా వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి ఆ మడుగు నీటికోళ్లు ఆకాశంవైపు ఒక కన్ను, పెద్ద చెరువువైపు ఒక కన్ను వేసి కాపలా కాస్తున్నాయి.