పరాయి నిద్ర

డబ్బిస్తే ఒకరి నిద్ర ఇంకొకరు పోయే రోజులవి. కుట్టుపని మానేసి సొంతంగా అందులోకి దిగిన హైమావతికి, కాకినాడ పోర్టులో క్రేను నడిపే సత్తిరాజే తొలి ఖాతాదారు. ఆయన మళ్లీ పిలిస్తేనే ఆమె పని నిలబడుతుంది.

మధ్యాహ్నం ఆయన నిద్ర తను పోయి లేచిందో లేదో, ఫోను మోగింది.

“అలుపంతా తీరిపోయిందమ్మా. కలే రాలేదు.”

“అది నాకొచ్చిందండీ,” అంది బెరుగ్గా. “ఎవరో ముసలావిడ నా నోట్లో తాటిముంజ పెట్టి, ‘నెమ్మదిగా నమలరా సత్తీ’ అని కసిరారు.”

ఆయన కల తను చూసేసినందుకు ఇక పిలవడనుకుంది.

“మా అమ్మండీ. పోయాక కల్లోనే కనపడేది,” అన్నాడు సత్తిరాజు. “రేపూ మీరే పడుకోండి. అడిగితే మాత్రం, వేళకి తింటున్నాడని చెప్పండమ్మా.”