చాట ఫొటో

ఎనిమిదేళ్ల అక్షిత చాట ఫొటో తెచ్చి మళ్లీ తల్లి చేతిలో పెట్టింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"గిది దప్ప ఇంకోటి దొర్కలేదా నీకు?" అని జమున కసిరింది. ఆమె ఒళ్లో చాట, చాట నిండా తునికాకు, తంబాకు. సాయంత్రానికి వెయ్యి బీడీలు చుట్టాలి.

మాటలు రాని అక్షిత కోసం, వారానికోసారి కోరుట్ల నుంచి వచ్చే టీచర్ ఇంట్లో వస్తువుల ఫొటోలు తీసి కార్డులు చేసిచ్చింది. నీళ్లు, అన్నం, దువ్వెన, చాట.

"కార్డు ఇచ్చిందంటే నోటితోని అడిగినట్టే అక్కా. అడిగింది చేతికియ్యాలె. ఇయ్యకపోతే ఇగ అడుగుడే బంద్ వెడ్తది" అని చెప్పిపోయింది.

ఇన్నేళ్లూ అక్షిత చాట పట్టుకుని గుంజేది. తంబాకు నేలపాలయ్యేది. జమున పిల్ల వీపు మీద ఒక్కటిచ్చేది. ఇవాళ పిల్ల గుంజలేదు, అడిగింది. అయినా పొద్దున మొదటి కార్డుకే దెబ్బ పడింది.

"ఇగో, తీస్కో! మొత్తం పారవొయ్యి, నీ పానం సల్లవడ్తది" అంటూ జమున చాటను పిల్ల చేతుల్లోకి నెట్టింది.

అక్షిత పారబొయ్యలేదు. ఒక్క ఆకైనా జారకుండా చాటను మెల్లగా గోడవారన దించింది. వెనక్కి వచ్చి, ఖాళీ అయిన అమ్మ ఒళ్లో ముడుచుకుని పడుకుంది.

జమున చేతికి ఇంకా తంబాకు అంటుకునే ఉంది. పొద్దున ఆ వీపు మీద పడిన చెయ్యిని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.