చివరి వంతు

కుట్టుమిషన్ ముందు కూర్చుని సూదికి దారం ఎక్కిస్తుండగా కొస చేతిలోంచి జారిపోయింది. ఆ రోజుతో ఆమె కుడిచేతి వేళ్ళలో పట్టు పోయింది.

మెడ పైభాగంలో ఎముకలు అరిగినట్టున్నాయని, వెన్నుపాము నలుగుతోందేమో స్కాన్‌లోనే తెలుస్తుందని డాక్టరు చెప్పాడు.

స్కాన్ గది బయట కూర్చుని వేళ్ళు ముడుస్తూ, చాపుతూ ఉంది.

"చెయ్యి పడిపోతే పిల్లల్ని ఎలా సాకనురా?"

"అరిగింది మెడేగా అక్కా, నీ నోరు కాదుగా," అన్నాడు తమ్ముడు, నవ్విద్దామని.

ఆమె నవ్వలేదు.

ఎదుటి కుర్చీలో ఒక పెద్దాయన మెడకు పట్టీతో, అరచేత్తో గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు పలకరిస్తే తల తిప్పలేదు.

"కర్ర మింగినట్టున్నాడు."

"మెల్లగా. వింటాడు."

స్కాన్ తీసే అతను తలుపు తెరిచాడు.

"మిషన్ మొరాయిస్తోంది. ఇవాళ ఇంకొక్కరికే. మిగతావాళ్ళు రేపు రండి. పెద్దాయనా, మీ వంతు."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"ఈ రాత్రి ఎలా గడవాలిరా?"

పెద్దాయన లేచి తలుపు దగ్గరకు వెళ్ళాడు. ఏదో అన్నాడు. స్కాన్ తీసే అతను ఒప్పుకోలేదు. పెద్దాయన బతిమాలుతున్నట్టు మళ్ళీ ఏదో అన్నాడు. తర్వాత మనిషంతా ఇటు తిరిగాడు.

"నువ్వెళ్ళమ్మా. నాకు తొందరేం లేదు."

"మీకు భయం వెయ్యట్లేదా?"

"భయం లేనివాడు ఇక్కడికెందుకొస్తాడమ్మా?"

ఆమె లోపలికి పోయింది.

"జంకాడు పాపం," అన్నాడు తమ్ముడు వెనక నుంచి.

గొట్టంలాంటి మిషన్‌లో కదలకుండా పడుకుంది. చెవుల పక్కన సుత్తులు పడుతున్నట్టు చప్పుడు. కళ్ళు మూసుకుంటే తను లేని ఇల్లు కనిపించింది. కళ్ళు తెరిచే ఉంచింది.

మర్నాడు డాక్టరు రిపోర్టు చదివాడు.

"పై రెండు ఎముకల మధ్య కీలు అరిగింది. అంచులు కాస్త పెరిగాయి. వెన్నుపాము బాగానే ఉంది. వేళ్ళలో పట్టు తప్పింది మణికట్టు దగ్గర నరం వల్ల. తగ్గిపోతుంది."

ఆమె అక్కడే ఏడ్చేసింది.

పోతూ పోతూ పెద్దాయనకు ఒక మాట చెప్పాలని స్కాన్ గది వైపు నడిచింది. ఎదుటి కుర్చీలో మరెవరో ఉన్నారు.

"నిన్నటి పెద్దాయన ఇంకా రాలేదా?"

స్కాన్ తీసే అతను చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

"మీకు ఏమవుతారు?"

"ఏమీ కారు."

"నిన్న ఇంటికి పోతుంటే బస్సు గట్టిగా బ్రేకు వేసిందట. ఆ కుదుపుకే మెడ... పోయారు."

"తొందరేం లేదన్నారే."

"మీతో అలాగే అన్నారు. నాతో, 'ఆ అమ్మాయికి ఈ రాత్రి గడవదు బాబూ, ముందు తనకి తియ్యి' అన్నారు. నేను విన్నాను. వినకుండా ఉండాల్సింది."

అతను ఆమె వైపు చూడలేదు.

"ఒక్క పూట కూడా ఆగకూడదని డాక్టరు రాసి పంపింది నిన్న ఆయనొక్కరినే, ఆ స్కాన్ తీయనే లేదు."